బహిరంగ శిల్పాలు: శిల్పులు, వారి ప్రేరణలు

ఆకాశం కింద, జనం తిరిగే చోట నిలిపిన శిల్పాన్ని బహిరంగ శిల్పం అంటారు. కూడలిలో నాయకుడి విగ్రహం, యుద్ధ స్మారకం, తోటలో నిలిపిన కంచు రూపం, కొండరాతి మీద చెక్కిన దృశ్యం అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ప్రదర్శనశాలలోని శిల్పాన్ని చూడాలనుకున్నవారే వెళ్లి చూస్తారు. బహిరంగ శిల్పం మాత్రం బడికెళ్లే పిల్లల నుంచి కూలికి పోయేవారి దాకా అందరి దారిలోనూ ఉంటుంది. ఎండకు ఎండి, వానకు తడిసి, తరాలు మారినా అక్కడే నిలవాలి. అందువల్ల దాని వెనుక ఉండే ప్రేరణ శిల్పి మనసులో పుట్టిన ఊహ ఒక్కటే కాదు. నిలబెట్టే చోటు, దొరికే పదార్థం, దాన్ని చూడబోయే జనం కూడా ఆ ప్రేరణలో భాగమే. ఈ మూడూ కుదిరిన శిల్పాలే కాలానికి నిలిచాయి.

చారిత్రక నేపథ్యం

భారతదేశంలో ఈ కళకు దీర్ఘమైన చరిత్ర ఉంది. తమిళనాడులోని మహాబలిపురంలో 7వ శతాబ్దపు పల్లవ శిల్పులు రెండు పెద్ద బండల మీద దేవతలను, మునులను, ఏనుగులను చెక్కారు. అది గంగావతరణమని కొందరు, అర్జునుడి తపస్సని కొందరు అంటారు. బండల మధ్య సహజంగా ఉన్న చీలికనే శిల్పులు నదీ ప్రవాహంగా మలిచి, అందులో నాగులను చెక్కారు. రాతిలోని లోపమే అక్కడ కథకు కేంద్రమైంది. 10వ శతాబ్దం చివర కర్ణాటకలోని శ్రవణబెళగొళ కొండ మీద చావుండరాయడు నిలిపించిన గోమటేశ్వరుడు సుమారు 17 మీటర్ల ఏకశిల. 16వ శతాబ్దపు లేపాక్షి నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న ఒకే గ్రానైట్ బండ. గుడికి కొంత దూరంలో ఉన్నా దాని చూపు ఆలయంలోని నాగలింగం వైపే ఉంటుంది. మెడలోని గంటలు, గొలుసులు, మూపురం ముడతలు శిల్పి పశువును ఎంత దగ్గరగా చూశాడో చెబుతాయి.

ఆ కాలపు శిల్పుల పేర్లు చాలావరకు మనదాకా రాలేదు. వారికి ప్రేరణ భక్తి, శిల్పశాస్త్రం, పోషకుడి సంకల్పం. శిల్పి తన పేరుతో, తన అభిప్రాయంతో బహిరంగ స్థలంలోకి రావడం ఐరోపాలో 19వ శతాబ్దంలో బలపడింది. భారతదేశంలో అది 20వ శతాబ్దపు పరిణామం.

కళ్లెదుటి మనుషులు

ఆధునిక భారతీయ బహిరంగ శిల్పానికి మొదటి పెద్ద పేరు రామ్‌కింకర్ బైజ్. ఆయన 1906లో బెంగాల్‌లోని బాంకురాలో పేద కుటుంబంలో పుట్టారు. ప్రతిమలు చేసే పనివారిని చూస్తూ చిన్నప్పుడే మట్టిపని నేర్చుకున్నారు. 1925లో శాంతినికేతన్ చేరి, నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, అక్కడే గురువయ్యారు. శాంతినికేతన్ చుట్టుపక్కల సంతాల్ పల్లెలు ఉండేవి. పొలానికి, సంతకు, పనులు వెతుక్కుంటూ వేరే ఊళ్లకు నడిచిపోయే సంతాలులను ఆయన రోజూ చూసేవారు.

1938లో చేసిన ‘సంతాల్ కుటుంబం’ ఆ చూపులోంచి వచ్చింది. భర్త భుజాన కావడి, ఆ కావడి తట్టలో ఒక బిడ్డ, పక్కన నడిచే భార్య చంకలో మరో బిడ్డ, వెంట కుక్క. ఇల్లు మొత్తం దారిన పడి వెళుతోంది. అందులో దీనత్వం లేదు. నిటారుగా నిలిచిన మెడలు, ముందుకు పడుతున్న అడుగులు ఉన్నాయి. అంతకుముందు మనుషుల కంటే పెద్ద కొలతలో బహిరంగంగా నిలిచినవారు రాజులు, దొరలు, దేవుళ్లు. ఆ స్థానంలో ఒక ఆదివాసీ కుటుంబాన్ని నిలపడమే ఈ శిల్పం చేసిన పెద్ద పని.

దాని ఒంటిని దగ్గరగా చూస్తే గరుకుగా, గుంటలుగుంటలుగా, ఎర్రని కంకర పైకి తేలి కనిపిస్తుంది. కంచు పోత పోయించే డబ్బు రామ్‌కింకర్ దగ్గర లేదు. ఇనుప చువ్వలతో ఆకారం కట్టి, సిమెంటులో బీర్భూమ్ నేలలో దొరికే ఎర్ర కంకర కలిపి, ఆ ముద్దను చువ్వల మీదకు విసిరి, ఆరుతుండగా చెక్కుతూ రూపం తెచ్చారు. లేమిలోంచి వచ్చిన ఆ పద్ధతే శిల్పానికి ప్రాణమైంది. బొమ్మలోని మనుషులూ, వారి కాళ్ల కింది నేలా ఒకే పదార్థంతో చేసినట్టు ఉంటారు.

1956 నాటి ‘మిల్లు పిలుపు’లో మిల్లు కూత విని ఇద్దరు సంతాల్ స్త్రీలు పరుగెత్తుతుంటారు. తడి బట్ట గాలికి ఎగిరి ఆరుతూ ఉంటుంది, వెనక ఒక పిల్లవాడు ఉంటాడు. పొలం మనిషి యంత్రం వేళలకు కట్టుబడిపోతున్న కాలాన్ని ఆయన ఆ పరుగులో పట్టుకున్నారు. ఢిల్లీ రిజర్వ్ బ్యాంకు ముందున్న సుమారు 24 అడుగుల యక్ష, యక్షిణి విగ్రహాలు కూడా ఆయనవే. వాటికి నమూనా మథుర మ్యూజియంలోని పార్ఖమ్ యక్షుడు, కలకత్తా మ్యూజియంలోని బేస్‌నగర్ యక్షిణి. పురాతన రూపాలకు పరిశ్రమ, వ్యవసాయం అనే కొత్త అర్థాలు ఇచ్చారు. హిమాలయ పాదాల నుంచి తెచ్చిన ఇసుకరాతిలో ఈ పని పూర్తికావడానికి పదేళ్లకు పైగా పట్టింది.

రామ్‌కింకర్ సమకాలికుడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి 1929 నుంచి 1957 దాకా మద్రాసు కళాపాఠశాలకు నేతృత్వం వహించారు. ఆయన స్వయంగా కుస్తీ పట్టిన మనిషి. కండరాలు ఎక్కడ బిగుస్తాయో, బరువు ఏ కాలి మీద పడుతుందో ఒంటితో తెలుసుకున్నవాడు. మెరీనా తీరంలో 1959లో ఆవిష్కరించిన ‘శ్రమ విజయం’లో నలుగురు కూలీలు ఒక బండరాతిని కదిలిస్తుంటారు. మన దేశంలో తొలి మేడే సభను 1923లో సింగారవేలు చెట్టియార్ జరిపింది ఈ తీరంలోనే కాబట్టి శిల్పం చోటుకు అతికినట్టు కుదిరింది. రాయ్ చౌధురి కళాపాఠశాలలోని కావలిదారు, ఒక విద్యార్థి ఆ కూలీలకు నమూనాగా నిలిచారని చెబుతారు.

పట్నా సచివాలయం ముందున్న అమరవీరుల స్మారకం కూడా రాయ్ చౌధురిదే. 1942 ఆగస్టు 11న అక్కడ జెండా ఎగరవేయబోయి తుపాకీ కాల్పుల్లో ప్రాణాలిచ్చిన ఏడుగురు విద్యార్థుల స్మారకం అది. కొందరు నేలకొరిగినా ముందున్నవాడు జెండా వదలడు. ఢిల్లీలో గాంధీ వెంట నడిచే మనుషులతో మొత్తం 11 మూర్తుల ‘దండి యాత్ర’ ఆయన చివరి పెద్ద కృషి. గాంధీ ఒక్కడినే కాక, వెంట నడిచిన సామాన్యులను కూడా అదే కొలతలో చూపడం ఆయన దృష్టికి గుర్తు.

దుఃఖం, జ్ఞాపకం

బహిరంగ శిల్పాల్లో ఎక్కువ భాగం చనిపోయినవారి స్మృతిలో నిలిపినవే. ఈ రంగంలో దారి మార్చినవాడు ఫ్రెంచి శిల్పి ఆగస్ట్ రోదిన్. 1347లో ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ నెలల తరబడి ముట్టడించిన కలే పట్టణం ఆకలితో లొంగిపోయింది. ఆరుగురు పెద్దలు మెడకు ఉరితాళ్లు వేసుకుని, కోట తాళాలు పట్టుకుని వస్తే మిగిలినవారిని విడిచిపెడతానని రాజు అన్నాడు. ఆరుగురు బయల్దేరారు. రాణి ఫిలిప్పా వేడుకోలుతో చివరికి వారు బతికారు. ఈ కథను మధ్యయుగ చరిత్రకారుడు ఫ్రువాసార్ రాశాడు.

ఐదు శతాబ్దాల తర్వాత కలే పట్టణం స్మారకం కోరినప్పుడు ఒక్క నాయకుడి విగ్రహం చాలనుకుంది. రోదిన్ మాత్రం ఆరుగురినీ చేస్తానన్నాడు. ఆయన మలిచినది చావుకు నడిచే మనుషులను. ఒకడు తల పట్టుకుంటాడు, ఒకడు వెనక్కి తిరుగుతాడు, తాళం పట్టినవాడు పెదవులు బిగిస్తాడు. వాళ్లు ఒకరినొకరు చూసుకోరు. అందరూ కలిసి వెళుతున్నా ఎవరి భయం వారిదే. దీన్ని నేల మట్టంలో, జనం భుజాల ఎత్తున నిలపాలని రోదిన్ కోరాడు. 1895లో ఎత్తయిన దిమ్మె మీదే పెట్టారు. ఆయన చనిపోయాక 1924లో కిందికి దించి పురపాలక భవనం ముందు నిలిపారు. దిమ్మె ఎత్తు కూడా శిల్పం అర్థంలో భాగమని ప్రపంచానికి నేర్పింది ఈ వివాదమే.

జర్మన్ కళాకారిణి కేథె కోల్విట్జ్ ప్రేరణ సొంత ఇంటి శోకం. ఆమె చిన్న కొడుకు పీటర్ 18 ఏళ్ల వయసులో 1914 అక్టోబరులో బెల్జియం యుద్ధభూమిలో చనిపోయాడు. అతని స్మారకం కోసం మొదలుపెట్టిన పని మధ్యలో ఆగి, మళ్లీ సాగి, 1932లో పూర్తయింది. మోకాళ్ల మీద వాలిన తండ్రి, తల్లి. తండ్రి చేతులు తన ఒంటినే బిగించి పట్టుకుంటాయి, తల్లి ముందుకు వంగిపోతుంది. ఆ ముఖాలు కోల్విట్జ్ భర్తది, ఆమెది. కొడుకు రూపం అందులో లేదు. ఎదురుగా ఉన్న సమాధులన్నీ కొడుకులవే కాబట్టి ఆ లేకపోవడమే శిల్పానికి బలం. ఇవి నేడు బెల్జియంలోని వ్లాడ్స్‌లో సైనిక శ్మశానంలో ఉన్నాయి.

రుమేనియా శిల్పి కాన్‌స్టాంటిన్ బ్రాంకుషి మనిషి రూపమే లేకుండా స్మారకం సాధ్యమని చూపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తమ పట్టణాన్ని కాపాడిన సైనికుల కోసం టర్గు జియులో స్మారకం చేయమని గోర్జ్ ప్రాంత మహిళా సంఘం ఆయన్ను అడిగింది. ఆయన పుట్టింది ఆ ప్రాంతంలోనే. 1938లో పూర్తయిన ఈ సముదాయంలో నది ఒడ్డున 12 ఆసనాల నిశ్శబ్ద బల్ల, తోటలో ముద్దు ద్వారం, ఊరి రెండో కొసన 29.3 మీటర్ల అనంత స్తంభం ఉన్నాయి. పోత ఇనుముతో చేసి ఇత్తడి పూత వేసిన ఒకే ఆకారపు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పైన సగం దిమ్మెతో ఆగుతాయి. ఇంకా పెరగాల్సి ఉందనిపిస్తుంది. ఆ ఆకారానికి మూలం అక్కడి పల్లె ఇళ్ల వసారాల్లో వడ్రంగులు చెక్కిన కొయ్య స్తంభాలు. 1950ల్లో దీన్ని పడగొట్టి ఇనుముగా వాడుకునే ప్రయత్నం జరిగి విఫలమైంది. 2024లో యునెస్కో ఈ సముదాయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ స్మారకం పూర్తవుతున్న కాలంలోనే ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ ధ్యానమందిరం కోసం బ్రాంకుషిని భారతదేశానికి పిలిపించాడు. అది కట్టడం దాకా రాలేదు.

1940 మే 14న జర్మన్ విమానాలు రాటర్‌డామ్ నడిబొడ్డును బాంబులతో నేలమట్టం చేశాయి. యుద్ధం తర్వాత రైల్లో వెళుతూ ఆ శిథిలాలను చూసిన శిల్పి ఒసిప్ జాడ్కిన్ ‘ధ్వంసమైన నగరం’ రూపొందించాడు. 1953లో నిలిపిన ఆ కంచు మనిషి చేతులు ఆకాశానికి ఎత్తి అరుస్తుంటాడు. గుండె ఉండాల్సిన చోట పెద్ద ఖాళీ ఉంటుంది.

అమెరికాలో వియత్నాం యుద్ధ స్మారకం కోసం 1981లో జరిగిన పోటీలో 1,421 ప్రతిపాదనలు వచ్చాయి. గెలిచింది యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల మాయా లిన్. భూమిని కత్తితో కోసి, ఆ గాయం మీద నల్లరాతి గోడ నిలిపినట్టు ఆమె ఊహించింది. చనిపోయినవారి 58 వేలకు పైగా పేర్లు అక్షరక్రమంలో కాక, మరణించిన క్రమంలో ఉంటాయి. నున్నగా మెరిసే రాతిలో పేర్లతో పాటు చూసేవారి ముఖం కూడా కనిపిస్తుంది. ఆ గ్రానైట్ బెంగళూరు ప్రాంతం నుంచి వెళ్లింది. వీరత్వం చూపలేదని మొదట్లో చాలామంది వ్యతిరేకించారు. తర్వాత అదే దేశంలో ఎక్కువమంది వచ్చి కన్నీళ్లు పెట్టుకునే చోట్లలో ఒకటైంది.

ప్రకృతి, పదార్థం

కొందరు శిల్పులకు కథ అక్కర్లేదు. రాయి, ఎముక, నీరు చాలు. గని కార్మికుడి కొడుకైన ఇంగ్లిషు శిల్పి హెన్రీ మూర్ గులకరాళ్లు, ఎముకలు, గవ్వలు ఏరి దాచుకునేవాడు. పురాతన మెక్సికో వారి చాక్‌మూల్ అనే వాలుగా పడుకున్న రాతి విగ్రహం ఆయన మీద గట్టి ముద్ర వేసింది. జీవితాంతం ఆయన చేసిన శయనించే స్త్రీ రూపాలకు అదే మూలం. వాటిని చూస్తే ఒక వైపు నుంచి ఆడమనిషి, మరో వైపు నుంచి కొండల వరస కనిపిస్తాయి. శిల్పానికి సరైన నేపథ్యం ఆకాశమేనని నమ్మినవాడు కాబట్టి తన ఇంటి చుట్టూ గొర్రెలు మేసే బయళ్లలోనే శిల్పాలు నిలిపాడు. 1942లో తొలి నియంత్రిత అణు శృంఖల చర్య జరిగిన షికాగో విశ్వవిద్యాలయ స్థలంలో, సరిగ్గా 25 ఏళ్లకు, 1967 డిసెంబరు 2న ఆయన ‘అణుశక్తి’ని ఆవిష్కరించారు. అది పుర్రెలాగానూ, అణుబాంబు మేఘంలాగానూ కనిపిస్తుంది.

అదే షికాగోలో ముంబైలో పుట్టిన అనీష్ కపూర్ చేసిన ‘క్లౌడ్ గేట్’ ఉంది. పాదరసం బొట్టును చూసి కలిగిన ఊహకు 168 స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు అతికి, అతుకులు కనిపించకుండా నునుపు పట్టి 2006 నాటికి పూర్తిచేశారు. నగరం, ఆకాశం, చూడవచ్చిన జనం ఆ వంపుల్లో ప్రతిఫలించడమే అందులోని బొమ్మ.

చండీగఢ్ రాక్ గార్డెన్ నిర్మాత నేక్‌చంద్ శిల్పవిద్య చదువుకోలేదు. దేశ విభజనలో సొంత ఊరు పాకిస్తాన్‌లో ఉండిపోగా ఇటు వచ్చినవాడు. రోడ్ల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేస్తూ 1950ల చివరి నుంచి అటవీ స్థలంలో ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేశారు. కొత్త నగరం కోసం కూల్చిన పల్లెల శిథిలాలు, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలే ముడిసరుకు. చిన్నప్పుడు విన్న కథల్లోని రాజ్యమే ఊహ. 1970ల్లో అధికారుల కంట పడినప్పుడు అది చట్టవిరుద్ధ నిర్మాణం. ప్రజలు అండగా నిలవడంతో 1976లో ఉద్యానవనంగా తెరిచారు. పోగొట్టుకున్న ఊరిని చెత్తలోంచి తిరిగి కట్టుకున్న కృషి ఇది.

ఎత్తు ఇచ్చే ప్రేరణ

భారీ విగ్రహాలది వేరే వంశం. ఫ్రెంచి శిల్పి బార్తోల్ది 1855-56లో ఈజిప్టు వెళ్లి అక్కడి మహావిగ్రహాలు చూసి చలించాడు. సూయెజ్ కాలువ దగ్గర కాగడా పట్టిన రైతు స్త్రీ రూపంలో దీపస్తంభం కడతానన్న ఆయన ప్రతిపాదన సాగలేదు. కాగడా ఎత్తిన మహాస్త్రీ అనే ఊహ న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహంతో నెరవేరింది. 1886 అక్టోబరు 28న ఆవిష్కరించిన ఆ 46 మీటర్ల విగ్రహం లోపల ఈఫెల్ రూపొందించిన ఇనుప చట్రం ఉంది. పైన 2.4 మిల్లీమీటర్ల రాగి రేకు మాత్రమే ఉంది. కాళ్ల దగ్గర తెగిన సంకెళ్లను చాలామంది గమనించరు.

ఆ విగ్రహాన్ని చూసిన ఎన్.టి. రామారావుకు హైదరాబాద్‌లోనూ అలాంటిది ఉండాలన్న కోరిక కలిగింది. కృష్ణా తీరపు బౌద్ధ వారసత్వం ఉన్న నేలకు బుద్ధుడే తగినవాడనుకున్నారు. భువనగిరి దగ్గరి రాయగిరి గ్రానైట్ బండలో ఎస్.ఎం. గణపతి స్థపతి నేతృత్వంలో శిల్పులు సుమారు 58 అడుగుల నిలువెత్తు బుద్ధుణ్ణి చెక్కారు. బరువు 300 టన్నులకు పైమాటే. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్ మధ్యకు తరలిస్తుండగా పడవ ఒరిగి విగ్రహం నీట మునిగింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరు 1న ఆ సరస్సులోని జిబ్రాల్టర్ రాక్ మీద నిలిపారు. ఒకే రాయి కావడంతో అది చెక్కుచెదరలేదు.

1925లో మహారాష్ట్రలోని ధూలే జిల్లా గోందూర్‌లో పుట్టిన రామ్ వి. సుతార్ తొలినాళ్లలో పురావస్తు శాఖ తరఫున అజంతా, ఎల్లోరా శిల్పాల పునరుద్ధరణ చేశారు. గాంధీసాగర్ డ్యామ్ దగ్గర 45 అడుగుల చంబల్ తల్లి ఆయనకు పేరు తెచ్చింది. పక్కనున్న ఇద్దరు పిల్లలు నీరు పంచుకునే మధ్యప్రదేశ్, రాజస్థాన్. 2018 అక్టోబరు 31న ఆవిష్కరించిన, ఆయన రూపొందించిన సర్దార్ పటేల్ ఐక్యతా విగ్రహం 182 మీటర్లు, గుజరాత్ శాసనసభ స్థానాల సంఖ్య కూడా అదే. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కూడా సుతార్ కుటుంబ శిల్పశాల పనే. ఇలాంటి విగ్రహాల్లో సంఖ్యలే ప్రతీకలు. వాటిలో నిలిచే విలువ మాత్రం ముఖంలోని భావానిది, చంబల్ తల్లిలో లాగా చోటుతో కుదిరిన అర్థానిది.

తెలుగు నాట

1986లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 30కి పైగా తెలుగు ప్రముఖుల కంచు విగ్రహాలు నిలిపారు. కవులు, రాజులు, సంస్కర్తలు ఒక వరసలో నిలవడం ఆ కాలపు తెలుగు ఆత్మగౌరవ భావనకు ఫలితం. 2011లో తెలంగాణ ఉద్యమ ఘట్టంలో వాటిలో కొన్ని ధ్వంసమై, తర్వాత మళ్లీ వెలిశాయి. విగ్రహం ఎవరిదన్న ప్రశ్న ఒక సమాజం తన చరిత్రను ఎలా చెప్పుకుంటుందన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుందని ఆ సంఘటన చూపింది. సూర్యాపేటలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించిన జి. రవీందర్ రెడ్డి పూలు తురిమిన సిగ, విప్పారిన కళ్లు గల భారీ స్త్రీ శిరస్సులతో ప్రపంచానికి తెలిశారు. మన వీధుల్లోని ఆడవారు, గ్రామదేవతల ప్రతిమలు ఆయనకు ప్రేరణ. దుర్గి, ఆళ్లగడ్డ రాతి చెక్కడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. తెనాలి విగ్రహాల తయారీకి పేరు పొందింది.

పదార్థం, పోత, సంరక్షణ

కంచు విగ్రహానికి శిల్పి ముందు మట్టితో నమూనా చేస్తాడు. దాని మీద అచ్చు తీసి, మైనపు రూపం పోసి, మైనం కరిగించిన ఖాళీలో లోహం పోస్తారు. పెద్ద విగ్రహాలను ముక్కలుగా పోసి అతుకుతారు. కాలం గడిచేకొద్దీ కంచు, రాగి మీద చిలుము పడుతుంది. పలుచగా, సమంగా పట్టిన చిలుము లోహాన్ని కాపాడుతుంది. కాలుష్యంతో కూడిన వాన దాన్ని తినేస్తుంది. సిమెంటు శిల్పాల్లో తేమ లోపలికి చేరితే చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, పైపొర పగులుతుంది. గ్రానైట్ అన్నిటికంటే మన్నిక గలది కాని, మెత్తని ముఖకవళికలు చెక్కడానికి అంతగా లొంగదు. ఏటా కడిగి, పగుళ్లు పూడ్చి, పాత పైపూత తీసి కొత్తది వేయడం తప్పనిసరి. దండలు వేసే రోజున మాత్రమే గుర్తుకొచ్చే విగ్రహానికి ఈ సేవ అందదు. ఏటేటా రంగులు పూస్తూ పోతే శిల్పి చెక్కిన రేఖలు పూడిపోతాయి.

మన ఊళ్లలో శిలాఫలకాల మీద ఆవిష్కరించినవారి పేర్లు, విరాళాలిచ్చినవారి పేర్లు వివరంగా ఉంటాయి. శిల్పి పేరు తరచు కనిపించదు. లేపాక్షి నందిని చెక్కినవాడెవరో మనకు తెలియదు, అది కాలం చేసిన నష్టం. ఈ రోజు నిలిపే విగ్రహం మీద కూడా శిల్పి పేరు లేకపోతే అది మన నిర్లక్ష్యమే. పురపాలక సంఘాలు, పంచాయతీలు, విగ్రహ కమిటీలు ప్రతి విగ్రహం దిమ్మె మీద శిల్పి పేరు, ఊరు, సంవత్సరం, పదార్థం చెక్కించాలి. దానికయ్యే ఖర్చు నాలుగు పంక్తుల చెక్కుడు కూలి మాత్రమే.